ఎర్ర బంగారానికి బూడిద ముద్ర

మా ముత్తాతగారు వంశధార ఒడ్డున పదహారు ఊళ్లకు జమీందారు. (అందులో రెండు ఊళ్లు ఏడాదిలో సగం రోజులు నీళ్లలోనే ఉండేవని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్లు మాకు అప్పటినుంచీ ఉన్నారు.) ఆయన బయలుదేరితే ముందు బూరా ఊదే మనిషి, వెనక గొడుగు పట్టే మనిషి నడిచేవారు. మా తాతగారి నాటికి గొడుగు మిగిలింది, పట్టే మనిషి లేడు. మా నాన్నగారి నాటికి గొడుగు కూడా పోయి, నెత్తిన గొడుగు ఉన్నట్టు నిటారుగా నడిచే అలవాటు ఒక్కటే మిగిలింది. నాకు సంక్రమించిన స్థిరాస్తి అదే. ఆ రోజుల్లో, అంటే పరిశోధన చేయడానికని నేను కలకత్తాలో దిగిన రోజుల్లో, హౌరా స్టేషన్ జనంలో కూడా అలాగే నడిచాను. ఇద్దరు కూలీలు తప్పుకున్నారు. మూడోవాడు తప్పుకోలేదు. అతన్ని నేను ఇంకా మన్నించలేదు.

ఆస్తి తగ్గినకొద్దీ మా ఇంట్లో కాపలా పెరిగింది. దివాణం వెలిగిన కాలంలో కళ్లంలో ధాన్యం రాశి పోయగానే మా వాళ్లు దాని చుట్టూ బూడిదతో ముద్రలు వేయించేవారు. చెక్క ముద్రను బూడిదలో అద్ది రాశి మీద ఒత్తితే, ఎవరైనా ఒక్క దోసెడు తీసినా ముద్ర చెదిరి దొంగతనం బయటపడుతుంది. రాశులు పోయాక మా తాతగారు ఆ విద్యను బియ్యం డబ్బాకూ, తర్వాత పంచదార సీసాకూ దించారు. చెక్క ముద్ర చెదలు తినేస్తే వేలికున్న ముద్రటుంగరంతోనే పని కానిచ్చేవారు. ఇంట్లో నగ చేయించాలంటే కంసాలిని పిలిపించి, కుంపటి ఆరేదాకా ఇంటివాళ్లలో ఒకరు ఎదురుగా కదలకుండా కూర్చోవడం కూడా మా ఆచారమే. చిన్నప్పుడు ఆ కూర్చునే ఉద్యోగం నాది. కలకత్తా బయలుదేరేటప్పుడు నాన్నగారు ఆ ఉంగరం నా వేలికి తొడిగారు. అమ్మ విభూతి పొట్లం పెట్టెలో పెట్టింది. నుదుటికని ఆమె ఉద్దేశం.

మా విశ్వవిద్యాలయంలో అప్పుడు ఒక పెద్ద పరిశోధన మొదలైంది. కంటికి కనబడనంత సన్నటి రేణువులతో మందులు తయారుచేసేవాళ్లూ, ప్రజల ఆరోగ్యం చూసేవాళ్లూ, బడి చదువుల శాఖవాళ్లూ కలిసి చేసే పని. నా వంతుకు బంగారం వచ్చింది. బంగారాన్ని నీళ్లలో అతి సన్నటి రేణువులుగా చేస్తే పసుపు రంగు పోయి దానిమ్మ గింజ రంగు వస్తుంది. ఆ రేణువులకు మందు తొడిగి, శరీరంలో గడ్డ ఉన్న చోటికి పంపాలన్నది మా సార్ ఆశయం. ఆయన బెంగాలీ, పరమ సాధువు, ఏ మాట చెప్పాలన్నా ముందు టీలో బిస్కట్ ముంచేవారు. మొదటి రోజు బిస్కట్ ముంచి, "ఇక్కడ అన్నింటినీ అనుమానించాలి బాబా, అదే మన వృత్తి" అన్నారు. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. రసాయన శాస్త్రం సంగతి ఎలా ఉన్నా, అనుమానం మా ఇంట్లో తరతరాలుగా సాగు చేస్తున్న పంటే కదా!

నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను.

"బంగారంతో పనండి."

"ఎవరి బంగారం?"

"విశ్వవిద్యాలయం వారిదండి."

"ఏ మాత్రం ఉంటుంది?"

"కంటికి కనబడదండి."

"అయితే మరీ జాగ్రత్త. కనబడేదాన్నే మనం నిలబెట్టుకోలేకపోయాం."

నా చోటు ఇంకా ఖాయం కాలేదు. మూడు వారాలపాటు రంగు మారకుండా నిలిచిన ఎర్ర రసాన్ని కమిటీ ముందు పెడితే ఉంటాను, లేకపోతే నా కుర్చీ వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరికి పోతుంది. మా వంశంలో పొలాలు మమ్మల్ని వదిలి వెళ్లాయిగానీ, ఫలానా చోటి నుంచి మమ్మల్ని పొమ్మన్నవాళ్లు లేరు. ఆ మొదటి మనిషిని నేను కాకూడదు. నాకు కావలసింది అంతే.

నా అనుమానం నా మనస్సులో మొదలైంది అనడం కన్నా, పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి నోట్లోంచే మొదలైంది అనడం న్యాయం. హౌరా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. (సంత్రాగాఛి అనే పిలుస్తాను, అసలు పేరు పెడితే నా మీద కేసు వేస్తుంది.) నేను చేసిన రేణువులను ఆమె జీవకణాల మీద పరీక్షించాలి. తెలుగు చదవడం రాదు, మాట్లాడితే మాత్రం ఆగదు.

"ఏ ఊరు మీది? వంశధార దగ్గరా? ఓరి బాబో, మా ముత్తాతదీ అదే! జమీందారుకి శిస్తు కట్టలేక రాత్రికి రాత్రి ఇక్కడికి పారిపోయొచ్చేడంట. మీరేటి చేసీవోరు అక్కడ?"

నేను గొంతు సవరించుకున్నాను. "శిస్తు వసూలు చేసేవాళ్లం."

ఆమె పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత నుంచి నన్ను 'రాజావారు' అనడం మొదలుపెట్టింది. నవ్వడంలో తప్పు లేదు. కానీ మూడు తరాల పగ తీర్చుకోవడానికి వచ్చిన మనిషి కూడా మొదట అలాగే నవ్వుతుందని నాకు తోచింది.

మొదటి గాజు కుప్పెలో రసం అద్భుతంగా కుదిరింది. కిటికీ వెలుగులో పెడితే మా నాయనమ్మ ముక్కుపుడక కెంపులా ఉంది. మర్నాడు ఫ్రిజ్ తెరిచి చూస్తే వేలెడు తగ్గింది! బంగారం సుమండీ, మజ్జిగ కాదు. ఎవరినీ అడగలేదు. (అడగడం మాకు అలవాటు లేదు, కనిపెట్టడమే అలవాటు.) ఆ కుప్పెలో మిగిలింది మందు తొడగడానికి సార్ తీసుకున్నారు. రెండో కుప్పె తయారుచేసి, మూతికి రేకు చుట్టి, దాని మీద విభూతి పరిచి, ఉంగరంతో ముద్ర ఒత్తాను. ఉంగరం మీది మా వంశ చిహ్నమైన మత్స్యం ఆ తెల్లటి బూడిదలో తోక ఆడిస్తున్నట్టు పడింది. తాతగారు చూసి ఉంటే కళ్లనీళ్లు పెట్టుకునేవారు.

రోజూ పొద్దున్నే చూసుకునేవాణ్ని. ముద్ర చెదరలేదు. అయినా నమ్మకం చాలక రేకు విప్పి, లోపల మట్టం చూసి, మళ్లీ బూడిద పరిచి, మళ్లీ ముద్ర వేసేవాణ్ని. మట్టం తగ్గలేదు. కానీ రసం రంగు మొదట ఊదాకు తిరిగింది, తర్వాత నేరేడు పండయింది, మూడో వారం తిరిగేసరికి సిరా నీళ్లలా తయారైంది. ముద్ర చెదరకుండా లోపలి సరుకు పాడు చేయగలిగిన దొంగ ఎంతటివాడో ఆలోచించండి! శిస్తు ఎగవేసిన వంశంలో అలాంటి నైపుణ్యం ఉండడంలో ఆశ్చర్యం ఏముందని కూడా అనుకున్నాను.

సార్ నీలం కుప్పెను చూసి టీలో బిస్కట్ ముంచి, అది విరిగి పడిపోయేదాకా బయటికి తీయలేదు. "ఉప్పు ఎక్కడైనా తగిలిందా? ఉప్పు తగిలితే రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని నీలమైపోతాయి, తెలుసు కదా?"

"ఉప్పు సంగతి నాకు తెలుసు సార్. మనుషుల సంగతే తెలియడం లేదు," అన్నాను సంత్రాగాఛి వైపు చూస్తూ.

ఆమె మొహం అమాయకంగా పెట్టి, "కీ దేఖ్‌ఛో? ఏటలా చూస్తావు, బాకీ ఉన్నట్టు?" అంది.

రేణువులు చేయడానికి వాడే బంగారు లవణం సీసాలో అడుగున కాస్తే మిగిలింది. మళ్లీ తెప్పించాలంటే కమిటీ గడువు దాటిపోతుంది. దానితో మూడో కుప్పె, ఆఖరిది, చేశాను. మూడు వారాల నిల్వ సంగతి కమిటీకి ఏం చెప్పాలో తెలియకపోయినా, చేతిలో ఎర్రటిదంటూ ఒకటి ఉండాలి కదా. ఈసారి విభూతి గంధంలా దట్టంగా పట్టించాను, ముద్ర నాలుగు వైపులా వేశాను. ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచే వేళ నాకు కడుపులో బాగోలేదని చెప్పి, గది ఖాళీ కాగానే గ్యాస్ సిలిండర్ల వెనక నక్కాను. నిటారుగా ఉండే అలవాటున్న మనిషికి నక్కడం ఎంత కష్టమో మీరు ఊహించుకోండి. తల సిలిండర్ పైకి కనబడుతూనే ఉంది.

తలుపు చప్పుడైంది. సంత్రాగాఛి! కూనిరాగం తీస్తూ వచ్చి, ఫ్రిజ్ తెరిచి, కుప్పె తీసింది. వెలుగుకు ఎత్తి చూసింది. రేకు ఒక పక్క మెల్లగా ఎత్తింది.

"దొరికావు!" అని ఒక్క అరుపుతో బయటికి దూకాను.

"అమ్మో! మా గో!" అని ఆమె అదిరిపడింది. కుప్పె చేతిలోంచి జారలేదు, పుణ్యం. రేకు మాత్రం వంగి, దాని మీది బూడిదంతా మా వంశ మత్స్యంతో సహా గుప్పున లోపలికి పడింది. మేమిద్దరం చూస్తుండగానే ఎర్రటి రసం బూడిద పడిన చోట ఊదా అయింది, ఆమె కుప్పెను తిప్పి చూస్తే ఆ ఊదా చుట్టూ తిరిగింది, నీలమైంది.

"ఏం కలిపావు అందులో?" అన్నాను.

"నేనేటి కలిపేను? నీ బూడిదే పడింది, కళ్లు లేవేటి? అసలు మూత మీద బూడిదెందుకు, కుప్పెకి దిష్టి తీసేవేటి?"

"అది విభూతి. దాని వల్ల ఏమీ కాదు."

"బూడిదలో ఉప్పులుంటాయి కాదేటి బాబూ! ఎమ్మెస్సీ చదివేవు కదా, ఏటి చదివేవు?"

నేను ఒప్పుకోలేదు. అనుమానించడం మన వృత్తి అని సార్ చెప్పనే చెప్పారు, ఆమె మాటను మాత్రం ఎందుకు వదలాలి? అప్పుడామె తన డ్రాయర్ లాగి, ఒక బుల్లి సీసా తీసింది. అందులో కెంపు రంగు! నా మొదటి కుప్పె రసం! వేలెడు తగ్గిన మట్టం సీసాలో కూర్చుని నన్ను చూస్తోంది.

"దొంగ!" అన్నాను. ఈసారి నా గొంతు నాకే చాలా గంభీరంగా వినిపించింది.

"ఏటి దొంగ? కణాల మీద వెయ్యడానికి సార్ తియ్యమన్నారు. ఆ రోజే నీకు చెప్పేను, 'ఓయ్, కాస్త తీసేను' అని. నువ్వు తిరిగి చూస్తే కదా! ఇవాళ కూడా అందుకే వచ్చేను."

ఆ మాట నిజమే అయి ఉండాలి. 'ఓయ్' అంటే మా వంశంలో ఎవరూ తిరిగి చూడరు.

ఆమె ఆ సీసాలోంచి నాలుగు చుక్కలు గాజు పళ్లెంలో వేసి, నా పొట్లంలోంచి చిటికెడు విభూతి చల్లింది. నీలం. రెండో కుప్పెలో రోజూ రేకు విప్పుతూ బూడిద రాల్చింది నేనేనన్నమాట. నేను ఉంగరం వైపు చూసుకున్నాను. ఆమె సీసా వైపు చూసింది. ఒక్కసారిగా ఇద్దరికీ ఒకటే తట్టింది. బూడిద ముట్టని ఆ సీసాలో రసం మూడు వారాలు దాటినా రంగు మారకుండా నిలిచి ఉంది.

"రాజావారు," అందామె మెల్లగా, "నేను దొంగిలించకపోతే నువ్వు బండెక్కాల్సిందే."

కమిటీ రోజున ఆ బుల్లి సీసాను పెట్టాం. సార్ ముందుగా సంగతంతా చెప్పించుకుని, బిస్కట్ పక్కన పెట్టి మరీ నవ్వారు. ఆ నవ్వుతోనే విభూతి కథ కూడా చెప్పమన్నారు. చెప్పాను, వీలైనంత గౌరవంగా. కమిటీలో బడి చదువుల శాఖ నుంచి వచ్చిన పెద్దావిడ అంతవరకూ కునుకుతున్నదల్లా కళ్లు తెరిచి, "ఏదీ, మళ్లీ చేసి చూపించు" అన్నారు. చేసి చూపించాను. నీలం రాగానే ఆవిడ చప్పట్లు కొట్టారు. నా చోటు ఖాయమైంది. దానితోపాటు, నెలకొకసారి బడులకు వెళ్లి పిల్లల ముందు ఈ వింత చేసి చూపించాలని ఒక షరతు కూడా రాశారు. మా ముత్తాతగారు నడిచినట్టే నేను ఏక్‌బాల్‌పూర్ బడి వరండాలో నడిచాను, ముందు బూరా లేదు, వెనక సంత్రాగాఛి ఉంది, గాజు సీసాల పెట్టె పట్టుకుని. "జాదూ దాదా వచ్చాడు!" అని పిల్లలు అరిచారు. ఆ బిరుదు ఆమె నేర్పిందేనని నాకు అనుమానం. ఇప్పటికీ నిరూపించలేకపోయాను.

ఇప్పుడు న్యూ టౌన్‌లో ఉంటున్నాను, నేనూ ఒక సార్‌నే. నా దగ్గర చేరిన పిల్లలు ఫ్రిజ్‌కు తాళం వేస్తే నాకు నవ్వొస్తుంది. అప్పటి నేను, ఆ పొడుగుపాటి కుర్రాడు, సిలిండర్ పైన తల కనబడుతుండగా, తన్ను ఎవరూ చూడడం లేదని నమ్మి నిలబడిన తీరు గుర్తొచ్చి, వాణ్ని లోపలికి పిలిచి ఒక బిస్కట్ పెట్టాలనిపిస్తుంది. సంత్రాగాఛి ఇప్పుడు వేరే నగరంలో పెద్ద ప్రయోగశాల నడుపుతోంది. ఫోన్ చేస్తే హలో అనదు, "ముద్ర వేసేవా?" అంటుంది. ఇక వేయలేను. ఆ ఉంగరాన్ని పోయిన ఏడాది బౌబజార్‌లో ఒక నగల దుకాణానికి అమ్మేశాను. కరిగిస్తున్నంతసేపూ నేను ఎదురుగానే కూర్చున్నాను.