బతుకమ్మకు పోయిన తంగేడు పూలు

చిక్కడపల్లిలో మేం కిరాయికున్న ఇంటి డాబా మీద రెండేళ్లు తంగేడు మొక్కలు పెంచాను. పూల కోసం కాదు, గింజల కోసం. అప్పుడు నేను వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఊరి బయట ఒక రాళ్లగుట్ట మీద, కింద ఒక చోటా పైన ఒక చోటా పెరిగే తంగేడు పొదల్లో గింజలు ఎలా కడుతున్నాయో చూడడం నా పని. కింది పొదల కాయలు నిండుగా ఉండేవి. పైవాటికి పూలు విరగబూసినా కాయల్లో చాలామటుకు తాలే. పైన మట్టి పలచన, అంతా గరుకు ఇసుక. కానీ పైన ఎండా గాలీ ఎక్కువ, తేనెటీగలు తక్కువ. గింజ తగ్గింది మట్టివల్లా, ఎత్తువల్లా?

అది తేలాలంటే రెండు చోట్ల మట్టినీ ఒకే ఎత్తున పెట్టి చూడాలి. గోనెసంచుల్లో మోసుకొచ్చి, పాత పెయింటు డబ్బాల్లో నింపి, ఒకే పొద గింజలు అన్నిట్లోనూ నాటాను. కింది వాటాలో ఉండే ఓనరు ఆంటీ ఏమీ అనలేదు. రెండో ఏడు వానాకాలంలో మాత్రం పైకొచ్చి చెప్పింది.

"దసరా అయినంక ఈడ రేకుల రూములేస్తం బిడ్డా. అశోక్‌నగర్ల కోచింగ్ పిల్లలు కిరాయికి అడుగుతున్నరు."

"కార్తీకం వెళ్లేదాకా ఆగండి ఆంటీ. కాయలు ముదరాలి."

"సరే తియ్, ఆగుతం."

వానలు తగ్గేసరికి మొక్కలన్నీ పూశాయి. ఇక కాయ కట్టడమే మిగిలింది.

సద్దుల బతుకమ్మ రోజు మా గైడును కలవడానికి నారాయణగూడలో ఆయన ఇంటికి వెళ్లాను. తిరిగొచ్చి డాబా ఎక్కితే ఒక్క పువ్వు లేదు. మొగ్గల్ని కూడా రెమ్మలతో సహా విరిచేశారు. కిందికి పరుగెత్తాను. ఆంటీ వాకిట్లో కూర్చుని బతుకమ్మ పేరుస్తోంది.

"మార్కెట్ల తంగేడు వాడిపోయింది బిడ్డా. నీవి ఎంత మంచిగున్నయో! ఏందట్ల నిలబడ్డవ్?"

"ఆంటీ, అవి కాయలు కావాలి. నా చదువంతా వాటి మీదే ఉంది."

ఆమె చేతులు ఆగాయి. "పూలే గద బిడ్డా, మల్ల పూస్తయి. తల్లికి వెట్టినం, పాడైతే పోలే. మీ ఆంధ్రోళ్లకు ఇది తెల్వది గని."

నేను పుట్టింది ఈ ఊళ్లోనే. ఆ మాట అనేలోపే మా అమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. "ఊరుకోవే, పండగపూట ఇంటివాళ్లతో గొడవేంటి!" అంది. ఆంటీ చేసింది దొంగతనమైనా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఆమె భక్తితో చేసింది. ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్లంతా నా పువ్వుల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగారు. ఆంటీ నన్నూ రమ్మని పిలిచింది. వెళ్లలేదు.

మర్నాడు గైడుకు ఫోన్ చేశాను.

"ఇంకో ఏడాది ఆగుతావా? ఫెలోషిప్ అయిపోతోంది కదమ్మా," అన్నారు. "డాబా సంగతి వదిలెయ్. గుట్ట మీద చూసిందే రాసెయ్."

"అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది సర్."

"ఎవరు చదువుతారమ్మా అంత వివరంగా?"

ఒకాయన చదివాడు. వైవాలో మొదట అడిగిందే అది: మట్టా, ఎత్తా? తెలియదన్నాను. ఆయన కాగితం తిప్పేశాడు. అయినా డిగ్రీ ఇచ్చారు. అందరూ కరచాలనం చేశారు. తెలియదన్నందుకు ఒక్కరైనా డిగ్రీ ఆపేస్తారేమోనని నేను లోలోపల ఎదురుచూశానని వాళ్లకెవరికీ తెలియదు.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ వాటాలన్నిటికీ స్వీట్లు పంచుతోంది. మొదటి డబ్బా ఆంటీకే ఇచ్చింది. ఆమె నా తల నిమిరి, "మా ఇంట్ల ఉండి డాక్టరైంది," అని పక్కింటామెతో గర్వంగా చెప్పుకుంది.