పెట్టె బాబాయి వేసిన తాళం

ఆ వీధిలో అందరూ ఆయన్ను పెట్టె బాబాయి అనే పిలుస్తారు. ఏ పెట్టె అంటే మాత్రం ఇద్దరు ఒకే మాట చెప్పరు. నడిపేది ఇస్త్రీ కొట్టు కాబట్టి ఇస్త్రీ పెట్టె అని కొందరు, సెలవు రోజు పొద్దున్నే చంకలో పెట్టుకుని ప్రార్థన మందిరానికి వెళ్లే పాటల పెట్టె అని కొందరు. "ఏదైతేనేం, ఆ రెండిటికీ ఇచ్చే మర్యాదలో సగం నాకిస్తే చాలు" అంటుంది ఆయన భార్య.

పాటల పెట్టె అసలు పేరు సీక్వెన్సర్. దాని మీద అడుగున వరసగా మీటలు, పైన గుండ్రంగా తిప్పే నాబ్‌లు. మీటల మీద తాళం, స్వరం ముందే కూర్చి పెడితే అది చుట్టు తర్వాత చుట్టు వాయిస్తూ పోతుంది. కానీ ఎన్ని చుట్లు తిరిగినా ఒకేలా ఉండే ఆ వాయిద్యానికి ప్రాణం పోసేది బాబాయి కుడిచెయ్యే. మందిరంలో పాడేది ఆయన అక్క. ఆమె మైకు తీగ కూడా ఆ పెట్టెలోంచే పోతుంది. ఆమె గొంతు పైకి లేస్తుంటే ఆయన ఒక నాబ్‌ను నెమ్మదిగా తిప్పి, మూసుకున్నట్టున్న ధ్వనిని తెరిచేవాడు. చరణం చివరి మాటకు ఎకో తిప్పేవాడు. ఆ మాట గోడల్ని తాకి, ఎవరో బదులు పలికినట్టు తిరిగి వచ్చేది.

ఆ చేతికి వణుకు పట్టుకుంది. ఇచ్చిన పైవాడు ఒక్కసారిగా లాక్కోడు, కొంచెం కొంచెంగా తీసుకుంటాడు. అదీ దయే. ఇస్త్రీ పెట్టె బరువుకు చెయ్యి నిలిచేది కాబట్టి కొట్లో ఎవరికీ తెలియలేదు. తేలికైన నాబ్ దగ్గరే బాబాయి దొరికిపోయాడు. ఒకనాడు పాట మధ్యలో ధ్వని గాలికి కొట్టుకునే కిటికీ రెక్కలా ఊగిసలాడింది. కళ్లు మూసుకున్నవాళ్లు కళ్లు తెరిచారు.

పాట అయ్యాక మందిరం పెద్దాయన పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు.

"బాబాయ్, ఇన్నాళ్లూ మాకోసం కష్టపడ్డారు. ఇకనుంచి ముందు వరసలో కూర్చుని వినండి. వాయిద్యం నా ఫోన్‌లో ఉంది, అది పెట్టుకుందాం."

ప్రేమగానే అన్నాడు. అందుకే బాబాయి గట్టిగా కాదనలేదు. "ఒక్క వారం చూడండి" అని మాత్రం అన్నాడు.

నాబ్ కదలికను కూడా ఆ పెట్టె రాసుకుంటుందని ఆయన ఎప్పుడో విన్నాడు. చెయ్యి బాగున్నన్నాళ్లూ ఆ అవసరం రాలేదు. మర్నాడు కొట్లో బట్టలు పక్కకు జరిపి, రికార్డు మీట నొక్కి నాబ్ తిప్పాడు. తిరిగి వాయిస్తే వణుకుతో సహా వినిపించింది.

"చూశావా, దీనికి మొహమాటం కూడా లేదు" అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్తే మీకు నచ్చదని దానికేం తెలుసు?" అంది భార్య.

తర్వాత ఇంకో దారి దొరికింది. తాళంలో ఒక దెబ్బకు చెందిన మీటను ఎడమచేత్తో నొక్కి పట్టి, నాబ్‌ను కావలసిన చోటికి తెచ్చి వదిలితే, ఆ దెబ్బకు ఆ స్థానం స్థిరపడిపోతుంది. తొందర లేదు. చెయ్యి ఎంత వణికినా, పెట్టె మీద కనిపించే అంకె సరైన చోట నిలిచేదాకా కాచుకుని అప్పుడు వదలొచ్చు. అలా ఒక్కో దెబ్బకూ కొంచెం కొంచెం పెంచుతూ, మెట్లు కట్టినట్టు ధ్వనిని పైకి తెచ్చాడు. చివరి మాటకు ఎకో బిగించాడు. వారమంతా అదే పని.

అక్కను కొట్టుకు పిలిచి మైకు ఇచ్చాడు. తను చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పెట్టె తనంతట తనే ధ్వనిని తెరుస్తుంటే అక్క నవ్వుతూ అందుకుంది.

"నీ గుమ్మం ముందు నిలిచాను..."

చరణంలో చివరి మాట 'తలుపు'. దాని ముందు ఆమెకు ఊపిరి అందదు. కొన్నేళ్లుగా అక్కడ ఆగి, గాలి పీల్చుకునే పాడుతుంది. పెట్టె ఆగలేదు. ఎకో వచ్చి ఆమె ఆయాసం మీద పడింది. హా... హా... హా... అని కొట్టంతా రొప్పింది.

"ఒరేయ్, నా ఆయాసానికి కూడా తాళం వేశావేంట్రా" అని అక్క పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక మెల్లగా, "సరేలే, నేనే తొందరగా పాడేస్తా. మళ్లీ పెట్టు" అంది.

మళ్లీ పాడింది. ఆగకుండా, మెడనరాలు తేలేలా పాడింది. తాళం ఎక్కడా తప్పలేదు. ఎకో సరిగ్గా 'తలుపు' మీదే పడింది. అక్క మాత్రం బట్టల మూట పట్టుకుని కూర్చుండిపోయింది.

బాబాయి పెట్టె ఆపేశాడు. ఇన్నేళ్లూ తన చెయ్యి నాబ్ తిప్పుతోందనే అనుకున్నాడు. తిప్పేముందు ఆమె కోసం ఆగుతోందని ఇప్పుడే తెలిసింది.

"వద్దక్కా. నువ్వు ఎప్పట్లాగే పాడు."

"మరి పెద్దాయన ఫోను పెడతాడుగా?"

"ఫోనూ ఆగదు, ఇదీ ఆగకపోతే ఇక దీనికీ దానికీ తేడా ఏముంది?"

వారం కష్టంలో సగం చెరిపేశాడు. 'తలుపు' ముందు దాకా ఒక వరస, 'తలుపు' నుంచి ఇంకో వరస చేశాడు. మధ్యలో ఒక చిన్న చుట్టు పెట్టాడు. తను అంచున ఉన్న మీట నొక్కేదాకా పెట్టె అక్కడే, గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డ మనిషిలా, మెల్లగా వాయిస్తూ ఉంటుంది. వణికే వేలు నాబ్‌ను తిప్పలేదు గానీ, బరువంతా వేసి మీట నొక్కగలదు. కాకపోతే నొక్కినా ఆ చుట్టు పూర్తయ్యాకే రెండో వరస మొదలవుతుంది. అందుకని అక్క భుజం పైకి లేవడం చూసి, కొంచెం ముందే నొక్కాలి.

సెలవు రోజున పెద్దాయన ఫోనూ తీగా చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. అక్క పాడింది. గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆవేళ ఊపిరి మరీ ఆలస్యమైంది. చిన్న చుట్టు తిరిగింది, మళ్లీ తిరిగింది. బాబాయి కళ్లు ఆమె భుజం మీదే ఉన్నాయి. భుజం లేచింది. వేలు పడింది.

'తలుపు' మందిరమంతా తెరుచుకుంది.

పాట అయ్యాక పెద్దాయన తీగను చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "రెండో పాట కూడా ఇలాగే చేశారా బాబాయ్?"

"లేదండీ. ఈ ఒక్కటే అయింది."

పెద్దాయన జనం వైపు తిరిగాడు. "ఇవాళ్టికి ఒక్క పాటే. మిగతా సేపు ఊరకే కూర్చుందాం."

"హమ్మయ్య" అంది అక్క, మైకు ఇంకా ఆగలేదని మరిచి. "నాకూ కాస్త ఊపిరాడుతుంది."