నాలుక వైద్యం

పెనుకొండలో మా కుక్క తన ముందరికాలు నాక్కోవడం మొదలుపెట్టినప్పుడు ఎవరం పట్టించుకోలేదు. కుక్కన్నాక నాకుతుంది. వెంట్రుకలు రాలి, పచ్చిపుండు తేలాక, హిందూపురంలో పశువుల డాక్టరుకు చూపిద్దామని నాయనతో అన్నాను.

"డాక్టరు యాలమ్మా? దాని నాలికలోనే మందుండాది. నాక్కోనీ, మానిపోతాది," అన్నాడు.

నాయన జీవితమంతా వేరుశనగ పండించాడు. దాంతోపాటు వైద్యం కూడా పండినట్టుంది. తన మడమ పగుళ్లను సైతం ఆ నాలుకకే అప్పగించాడు. సాయంత్రాలు వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుంటే, కుక్క శ్రద్ధగా చికిత్స చేసేది. నేను వద్దంటే, "దానికుండే ప్రేమ మీకెవురికీ లేదు" అనేవాడు.

కొన్నాళ్లకు మడమ వాచింది. కుక్కా కుంటుతోంది, నాయనా కుంటుతున్నాడు. రోగులిద్దరినీ ఒకే బాడుగ కారులో హిందూపురం తీసుకుపోయాను. దారిపొడవునా ఎవరి పుండు వారు చూసుకుంటూ కూర్చున్నారు.

పశువుల డాక్టరమ్మ అడిగింది: "ఇది నాక్కుంటాంటే మీరేం చేస్తారు?"

"నేను అరుస్తా. నాయన బిస్కెట్ పెడతాడు."

"అయితే నాక్కోవడం దానికి గిట్టుబాటే కదా. బయట తిప్పుతారా?"

"లేదు మేడం. గేటు లోపలే ఉంటాది."

ఆమె దురదకు మందు రాసి, కుక్క మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ తొడిగింది. రోజూ నడిపించాలి, వచ్చాక కాళ్లు కడిగి తుడవాలి, నాకితే అరవకుండా వేరే ఆటలో పెట్టాలి అంది. మనుషుల పుండ్లను మాత్రం అస్సలు నాకనివ్వొద్దంది. కుక్క మన కాళ్లు నాకేది చెమటలో ఉప్పు కోసమట. దాని నోట్లో ఉండేది మందు కాదట, క్రిములట. నాయన గోడకేసి చూశాడు.

అక్కణ్ణుంచి మనుషుల ఆసుపత్రికి వెళ్లాం. కట్టు కడుతూ నర్సు, "ఎట్లయింది పెద్దాయనా?" అంది.

"ముల్లు గుచ్చుకునింది," అన్నాడు.

మడమ మానాక కుక్కను నడిపించే పని నాయనకే పడింది. మొదట సణిగాడు. తర్వాత నాకంటే ముందే లేచి గొలుసు పట్టుకునేవాడు. కుక్క కాలిమీద మళ్లీ వెంట్రుకలు మొలిచాయి.

మొన్న ధర్మవరం నుంచి మేనత్త వచ్చింది. కుక్క ఆమె పాదాలు నాకబోయింది.

"నాకనీలేన్నా, ముద్దుగా ఉండాది," అంది.

"కాళ్లు మంచం మీద పెట్టుకో. అది చెమటలో ఉప్పుకు ఆశపడతాండాది. నువ్వు కదలకుండా ఉంటే అదే అలవాటైతాది," అన్నాడు నాయన. డాక్టరమ్మ చెప్పిందంతా తానే కనిపెట్టినట్టు వివరించసాగాడు. మేనత్త ఓపికగా విని, సగంలోనే నిద్రపోయింది.