ముందురోజే రాసిన చప్పట్లు

ప్రొద్దుటూరులో పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే నా కుడి బొటనవేలు వాస్తుంది. బంధువులు, వాళ్ల బంధువులు, ఎదురుగా బట్టల అంగడి సెట్టిగారు, అందరూ శుభలేఖల కట్టలు తెచ్చి నా ముందు పెడతారు. "నీ అక్షరాలు ముత్యాలప్పా, పేర్లు నువ్వే రాయాల" అంటారు. ముత్యాలకు కాఫీ కూడా పోయరు. ఈమధ్య ఒక కట్టలో ఒక పేరు రాయడం మర్చిపోయాను. ఆ ఇంటాయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ఒక పేరుకు నాలుగు రోజుల అలక. న్యాయమే. అంతకంటే పెద్దది ఒకటి రాయకుండా వదిలేశాను నేను, అదీ తెలిసి తెలిసి. దానికి ఎవరూ నాతో మాట మానలేదు. తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇలాగైతేనే చెప్పగలను.

నేను ఒక విశ్వవిద్యాలయంలో గుమాస్తాను. దాని పేరు వద్దు. మా ఉద్యోగుల సంఘానికి మినిట్స్ పుస్తకం రాసేది నేనే. మా దగ్గర ఒక ఆచారం ఉంది: సమావేశంలో జరగబోయేదంతా ముందురోజే రాసేస్తాం. బోండాలు అయిపోయాక సంతకం పెట్టడానికి ఎవరూ ఆగరు మరి. అందుకే గుమ్మం దగ్గరే, రాసిన తీర్మానాల కింద సంతకాలు పెట్టించుకుంటాం. ఆ తర్వాత లోపలికి వెళ్లి చర్చిస్తారు.

ఆ ఏడు పాత అధ్యక్షుడు దిగిపోయి కొత్తాయన రావాలి. కొత్తాయన ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు, సభ చప్పట్లతో హర్షం తెలిపినట్టు ముందురోజు సాయంత్రమే రాశాను. పిల్లల ఫీజులు, ఆర్జిత సెలవులు, క్యాంపస్ బస్సు, మా కోరికలన్నీ రాశాను. చప్పట్లు కొట్టాల్సిన వాళ్లు అప్పటికి ఇళ్లలో ఉల్లిపాయలు తరుగుతూ ఉండి ఉంటారు.

మర్నాడు సభ అయిపోవస్తుండగా లైబ్రరీలో పనిచేసే పద్మావతమ్మ లేచింది. ఆమె రోజూ పులివెందుల నుంచి బస్సులో వస్తుంది. నిలబడటం అలవాటే.

"అన్నీ మనకే రాసుకుంటిరి. ఈ కాంట్రాక్టోళ్ల సంగతేంది? ఇంట్లో మనిషి మంచాన పడినా వాళ్లకు సెలవు లేదు. పది దినాలు మానితే పేరు కొట్టేస్తాండారు. వాళ్లు మనుషులు కాదా?"

వెనక గోడ దగ్గర మస్తాన్ టీ కెటిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా అటెండరు. పన్నెండేళ్లుగా కాంట్రాక్టే. కుర్చీలు వేసేది, టీ పోసేది, అంతా అయ్యాక పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసేది అతనే. జమ్మలమడుగు మనిషి. భార్య షంషాద్‌కు ఒంట్లో బాగుండదని మా అందరికీ తెలుసు.

కాంట్రాక్టు వాళ్లకూ జబ్బు సెలవు ఇవ్వాలి, జబ్బు ఇంట్లోవాళ్లదైనా సరే అన్నది తీర్మానం. అందరూ చేతులెత్తారు. మా సంఘంలో నిజంగా ఎత్తిన చేతులు నేను చూసింది ఆ ఒక్కసారే. పాత అధ్యక్షుడు "ఇది కూడా రాయప్పా" అన్నాడు.

కలం తెరిచాను. పేజీ నిండి ఉంది, అడుగున సంతకాలు. కొత్త అధ్యక్షుడు నా చెవి దగ్గరకు వంగాడు. "ఇప్పుడు దాన్ని గెలుకుతావా? వాళ్లది కలిపితే మనదీ ఆగిపోతాది. మల్లసారి చూద్దాంలే, కార్యదర్శీ."

కార్యదర్శీ అన్నాడు. అప్పటికి నేనింకా కాలేదు. కలం మూశాను.

పదవి కోసమేనా? అవును. అంతేనా? కాదు. తొమ్మిదేళ్లుగా నన్ను నేను నిలదీసుకుంటూ, ఒక్కో కారణాన్నీ పక్కకు నెట్టుకుంటూ పోతే, చిట్టచివర మిగిలేది చెప్పడానికి సిగ్గేసేంత చిన్నది: కొట్టివేత ఒక్కటీ లేని ఆ పేజీ పాడవుతుందని. తర్వాతి పేజీ తెల్లగా ఉంది. తిప్పితే సరిపోయేది.

పుస్తకంలో ఉన్నదే పైకి పోతుంది. అది పోలేదు.

నెల తర్వాత మస్తాన్ నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఏటా జూన్‌లో అతని కాంట్రాక్టు కొనసాగింపు కాగితం ఆ బల్ల మీదుగానే కదలాలి. అందుకేనేమో, ఎప్పుడూ రెండడుగుల దూరంలోనే ఆగేవాడు.

"సార్, మా సెలవుది పైకి పోయిందా?"

"పోయింది మస్తానూ. పైనోళ్లే పట్టుకోని కూచున్నారు."

"పుస్తకంలో రాసినారు గదా సార్?"

"రాసినా."

మస్తాన్ నా గ్లాసు తీసుకుని కడగడానికి పోయాడు.

షంషాద్ మంచాన పడింది. మస్తాన్ ఒక్కరోజు కూడా మానలేదు. మా కోరికలు తీరాయని కొత్త అధ్యక్షుడికి సన్మానం చేసిన మధ్యాహ్నం, మస్తాన్ చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. మా వరుసంతా టీ పోసి, చివరన ఉన్న నా గ్లాసు కూడా నింపి, కెటిల్ కింద పెట్టి, అప్పుడు ఫోన్ తీశాడు. అప్పటికి అరగంట అయిందట ఆమె పోయి.

రాసి ఉన్నా పైవాళ్లు ఇచ్చేవాళ్లు కాదేమో. ఈ మాట నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను. కావచ్చు. కానీ అప్పుడది వాళ్ల తప్పయ్యేది. ఇప్పుడెవరిది?

ఆ జూన్‌లో కొనసాగింపు కాగితం సిద్ధం చేసి పెట్టాను. మస్తాన్ రాలేదు.

ఒక్క పేరుకు నాలుగు రోజులు అలిగిన ఆయనతో రాజీ పడ్డాక, మొన్న ఆదివారం జమ్మలమడుగు బస్సెక్కాను. బస్టాండు పక్కన మస్తాన్ టీ అంగడి పెట్టుకున్నాడు. గడ్డం తెల్లబడింది. నిలబడే చెప్పాను, మొత్తం. నిండిన పేజీ, ఖాళీ పేజీ, రాశానన్న అబద్ధం. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు. కానీ చెప్పడం అయ్యేసరికి, నిజం చెప్పాలి గనక చెబుతున్నాను, ఒళ్లు తేలికైంది.

మస్తాన్ టీ వడగట్టడం ఆపలేదు. గ్లాసు నా ముందు పెట్టాడు.

"ఆ పొద్దే చూసినా సార్, పుస్తకం బీరువాలో పెడ్తా పెడ్తా. నాకు సదువొచ్చు."