అవ్వ కుడిచేయి

ఈ ఉదయం వైట్‌ఫీల్డ్‌లోని మా ఫ్లాట్‌కు పురుగుల మందు కొట్టే మనిషి వచ్చి వెళ్ళాడు. కిరసనాయిలుకూ కుళ్ళిన నిమ్మకాయకూ మధ్య ఎక్కడో ఉండే ఆ వాసన ఇంకా పరదాలను వదల్లేదు. అతను వెళ్ళాక వంటింటి అటక మీది డబ్బాలు దించుతుంటే, మత్తెక్కిన బల్లి ఒకటి జారి సరిగ్గా నా నడినెత్తిన పడి, చల్లగా మెడ మీదుగా కిందికి పోయింది. ముప్పై ఏళ్ళుగా వేదికలెక్కి శకునాలనూ దోషాలనూ చీల్చి చెండాడుతున్నదాన్ని. అయినా ఆ క్షణం నా మనసులో మెదిలింది నా కూతురు. తెల్లవారగానే స్నేహితురాళ్ళతో మోటార్‌సైకిళ్ళ మీద చిక్కమగళూరు బయలుదేరింది. డబ్బా కింద పెట్టి ఫోన్ చేశాను. కలవలేదు; మళ్ళీ మళ్ళీ చేశాను.

ఈ భయం ఈనాటిది కాదు. ఇదే ఊళ్ళోని పాత నగర్తపేటలో, రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిన సందులో, ముందుగది నాయన జరీ అంగడిగా, వెనక గదులు మా కాపురంగా ఉన్న ఇంట్లో నాతోపాటు పెరిగింది. శ్రావణం వస్తే ఆ ఇంట్లో తడిసిన గోనెసంచుల వాసన, విప్పిన జరీ కండెల లోహపు వాసన, వరమహాలక్ష్మి పండక్కి అమ్మ పూర్ణం పెట్టి చేసే ఓళిగల కోసం ఉడికించే శనగబేళ్ళ వాసన, బెల్లం వాసన అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని, పండగ వెళ్ళిన వారానికి కూడా పక్కబట్టల్లో ఉండేవి. ముసురు పట్టినన్నాళ్ళూ మగపిల్లలు వీధి నీళ్ళు చిమ్ముకుంటూ తిరిగేవాళ్ళు. ఆడపిల్లలం పడసాలలో చింతగింజలతో వామనగుంటలు ఆడేవాళ్ళం. మా తలల మీద నల్లటి దూలాలు, వాటి మధ్య బల్లులు. పైన టిక్కుమంటే చాలు, గింజలు పంచే చేయి గాలిలో ఆగిపోయేది.

దేవుడి గూటి పక్కన మేకుకు పంచాంగం వేలాడేది. అందులో బల్లిపాటు పుట నాకు కంఠస్థం. రెండు వరుసలు: పురుషులకు ఒకటి, స్త్రీలకు ఒకటి. బల్లి అదే, భుజం అదే, ఫలితం వేరు. మగవాళ్ళ వరుసలో ప్రయాణాలు, శత్రువులు, గౌరవాలు, లాభాలు. మా వరుసలో నగలు కొన్ని ఉన్నా, చూపంతా భర్త వైపు, బిడ్డల వైపు, చుట్టాల వైపు. పుటలో లేనిది నాయనను కన్న అవ్వ పూరించేది. ఆడపిల్ల నెత్తిన పడితే కీడు ఆ పిల్లకు కాదట, ఆ పిల్లకు అన్నం పెట్టే మగవాడికట. మగవాడి మీద పడిన బల్లి మగవాడిది. ఆడదాని మీద పడిన బల్లి కూడా మగవాడిదే.

ఈ కీడుకు విరుగుడు అవ్వ దగ్గరే ఉండేది. కంచి గుడిలో పైకప్పుకున్న బంగారు బల్లిని తాకి వచ్చినవాళ్ళు మనల్ని తాకితే బల్లి దోషం పోతుందని మా వాళ్ళ నమ్మకం. అవ్వ కొత్త కోడలిగా కంచికి వెళ్ళివచ్చింది. అందుకని సందులో ఎవరి మీద బల్లి పడ్డా తలస్నానం చేసి మా గడపలో కూర్చునేవాళ్ళు. అవ్వ కుడిచేయి తల మీద పెట్టి, దోషం పోయిందన్నట్టు, "పాయ పో" అనేది. ఎదురింటి సుబ్బక్కయితే నెలకొకసారి వచ్చేది.

నాకు పదకొండేళ్ళప్పుడు, పండక్కి ముందు, ధర్మవరం నేతగాళ్ళకు జరీ ఇచ్చి రావడానికి నాయన బయలుదేరాడు. రాత్రికల్లా తిరిగి రావాలి. ఆ రోజే మా బడిలో వక్తృత్వ పోటీ. పదిహేను రోజులుగా బట్టలుతికే బండ ముందు నిలబడి మాటలు వల్లించుకున్నాను. జడలు వేసుకుని పడసాలలోకి రాగానే బల్లి నా పాపట మీద పడింది. గడపలో నాయన చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఒక్క మాట చెబితే ఆయన ఆగిపోయేవాడు. నన్నూ ఆపేసేవాళ్ళు: తలస్నానం, దీపం, ఆ రోజంతా ఇంట్లోనే. నేను నోరు విప్పలేదు. నాయన వీధి మలుపు తిరిగేదాకా చూసి బడికి పరుగెత్తాను.

గెలిచాను. బహుమతిగా ఇచ్చిన స్టీలు డబ్బాను తీసుకొచ్చి ఎవరికీ చూపకుండా లంగాల కింద దాచాను. దీపాలు ఆర్పే వేళైంది. నాయన రాలేదు.

"బస్సు దొరకలేదేమో లే అత్తా," అంది అమ్మ.

"వస్తాడు లేమ్మా, యాడికి పోతాడు?" అంది అవ్వ, వీధి వైపే చూస్తూ.

మా ఇంట్లో అప్పుడు ఫోను లేదు. మరుసటి రోజు మధ్యాహ్నమైనా రాలేదు.  వక్తృత్వంలో గెలవాలన్న నా కోరికకు నాయనను వెలగా ఇచ్చేశానని నిశ్చయమైపోయింది. అవ్వ చాప మీద కునుకు తీస్తోంది. పక్కన చేరి, ఆమె కుడిచేతిని మెల్లగా ఎత్తి నా పాపట మీద పెట్టుకున్నాను.

"ఏమే, పేలా?" అంది కళ్ళు తెరవకుండానే.

నేను చేయి వదల్లేదు.

"బల్లి పడిందా?"

"నిన్న పొద్దున. నాయన చెప్పులేసుకుంటాంటే. చెప్తే ఇస్కూలుకు పంపరని చెప్పలేదవ్వా."

కొడుతుందనుకున్నాను. నిప్పు తగిలినట్టు చేయి లాక్కుంది. లేచి కూర్చుని, వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఈ చేతిలో ఏమీ లేదమ్మా. నేను ఆ బల్లిని తాకనే లేదు. కంచిలో దిగిన పొద్దే బయట చేరితిని. అందురూ గుడికి పాయిరి, నేను సత్రం వసారాలో కూసుంటిని. చెప్తే మానం పోతాదని మా అత్త నోరు మూయించె. తాకొచ్చింది మా కోడలని ఊరంతా చెప్పె."

"మళ్ళ అందరికీ పెడ్తావు గదా?"

"సుబ్బక్కకు మొగుడుండినబ్బుడూ అట్లే పెడ్తిని. ఆయమ్మ మీద బల్లి పడినబ్బుడు ఈ చేయే. పదైదు దినాలకు ఆయప్ప పాయ. నిజం చెప్పింటే ఇంగొకరి దగ్గరికి పోయుండును గదా." అవ్వ నా మణికట్టు పట్టుకుంది. "ఎవురికీ చెప్పొద్దు. ఒట్టెయ్యి."

ఒట్టేశాను. ఉన్న ఒక్క విరుగుడూ ఉత్తదేనని తెలిశాక ఎలా ఉంటుందో పదకొండేళ్ళ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? ఆ చాప మీద ఇద్దరం ఒకరినొకరం ఆనుకుని కూర్చున్నాం. ఆమె ఒక మనిషిని చంపానని నమ్ముతోంది, నేను ఇంకొక మనిషిని.

దీపాల వేళకు నాయన వచ్చాడు, బురద కాళ్ళతో, మాసిన చొక్కాతో.

"పెనుకొండ కాడ బస్సు చెడిపాయ. కాఫీ పెట్టు ముందు," అన్నాడు. తర్వాత మా ముఖాలు చూసి, "ఏమప్పా, అందురూ దయ్యాన్ని చూసినట్ల చూస్తాండారు?" అన్నాడు.

హేతువాదానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? బల్లి పడింది, చేయి ఉత్తది, మనిషి తిరిగొచ్చి కాఫీ తాగాడు. మరి మరుసటి వారం, కొడుక్కేమవుతుందోనని సుబ్బక్క తడి తలతో వచ్చి కూర్చున్నప్పుడు అవ్వ ఏం చేసింది? చేయి పెట్టింది. "పాయ పో" అంది. సుబ్బక్క తల మీదుగా నా వైపు చూసింది. ఆ చూపులో ఉన్నది మోసం కాదు, భయం. నేను తల దించుకున్నాను. శకునాల మీద నా కోపం అప్పుడు పుట్టింది. నా పిరికితనం కూడా అప్పుడే పుట్టింది.

పెద్దయ్యాక ఎన్నో వాదాలు గెలిచాను. కానీ ఢిల్లీలో ఉద్యోగం వచ్చిన ఏడాది నాయనకు గుండె నొప్పి మొదలైతే, ఎవరూ అడగకుండానే వద్దనుకున్నాను. నేను చెప్పిన కారణాలన్నీ సబబైనవే. చెప్పని కారణం ఒక్కటే: నాకు కావలసింది నేను తీసుకుంటే ఇంట్లో ఒక మగవాడు కూలిపోతాడు. ఈ సూత్రం ఏ పంచాంగంలోనూ లేదు. ఆడపిల్లల్ని పెంచే పద్ధతిలో ఉంది; పంచాంగాన్ని చించేసిన ఇళ్ళలో కూడా ఉంది.

నగర్తపేట ఇల్లు ఇప్పుడు కరెంటు సామాన్ల గోదాము. దూలాలు లేవు, పడసాల లేదు. అవ్వ ఆ ఒట్టు నా దగ్గర వదిలి పోయి చాలా కాలమైంది. ఇదంతా చెప్పి ఈ రోజు దాన్ని దాటేశాను.

మూడు గంటలకు ఫోన్ మోగింది.

"అమ్మా, రీచ్ అయిపోయాం. ఘాట్‌లో సిగ్నల్ లేదు. పన్నెండు మిస్డ్ కాల్సా! ఏమైంది?"

ఏం లేదనబోయాను. నాలుక దాకా వచ్చింది ఆ మాట.

"నా నెత్తిన బల్లి పడిందే. నీకేమవుతుందోనని భయపడ్డాను."

అటువైపు నవ్వు.

"నీ మీద పడితే నాకెందుకవుతుందమ్మా? ఇంతకీ బల్లికేమైంది?"

ఇన్ని తలల మీద ఇన్ని బల్లులు పడ్డాయి, మా ఇంట్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఫోన్ పెట్టేసి వెతికాను. పొయ్యి గట్టు కింద వెల్లకిలా పడి ఉంది, కదలడం లేదు. చీపురు కోసం చూసి, మళ్ళీ మనసు మార్చుకుని కూర్చుని, కుడిచేత్తోనే తీశాను.