సోఫా కింద లేని పిల్లి

మొన్న ఆదివారం నా పరువు సోఫా కింద దూరింది, వినండి. భీమవరంలో రొయ్యల మేత దుకాణం నాది. 'ఒకటే మాట' అని బోర్డు రాయించుకున్న మనిషిని. అలాంటి నా చేత అబద్ధం ఆడించారండీ!

మా అమ్మాయి శైలజ రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో పని చేస్తోంది. సరుకు చూడటానికి టర్కీ నుంచి వచ్చిన ఐలా గారిని మా ఇంటికి భోజనానికి పిలిచింది. "నాన్నగారూ, ఆవిడకి మన మీద నమ్మకం కుదరాలి. ఇంటి గురించి వాళ్ల భాషలో రెండు ముక్కలు చెప్పండి" అని ఫోన్‌లో టర్కీ పాఠం పెట్టి ఇచ్చింది.

నేను చదివింది ఎనిమిదే. కానీ పాఠం అప్పజెప్పడంలో ఏనాడూ మాస్టారి బెత్తం రుచి చూడలేదు. వారం రోజులు నాలుగింటికే లేచి, స్నానం చేసి, 'మా ఇల్లు' పాఠం బట్టీ పట్టాను. ఎవ్ అంటే ఇల్లు. వార్ అంటే ఉంది.

ఆవిడ గుమ్మంలోకి రాగానే చేతులు కట్టుకుని మొదలెట్టాను. "ఎవిమిజ్ బుయుక్!" మా ఇల్లు పెద్దది అని. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ ఊపులో నోరు ఆగితేగా! "బాల్కోన్ వార్. కెది వార్." బాల్కనీ ఉంది, పిల్లి ఉంది! మాది పెంకుటిల్లండీ! పిల్లినైతే గడపే తొక్కనివ్వను!

"కెది నెరెదె?" పిల్లి ఎక్కడ అంటూ ఆశగా అడిగింది. ఆ ప్రశ్నా పాఠంలోదే. తడుముకోకుండా చెప్పేశాను. "కొల్తూన్ అల్తిందా." సోఫా కింద!

అంతటి ఆవిడ మోకాళ్ల మీద వంగి సోఫా కింద వెతికింది. మా ఆవిడ "అయ్యో, ఉంగరం పడిపోయిందా అండీ?" అంటూ తనూ వంగింది.

పిల్లి బెదిరిందనుకున్నారేమో, భోజనాల దగ్గర ఐలా గారు తన విస్తట్లోంచి ఓ వేపుడు రొయ్య తీసి దాని కోసం పక్కన పెట్టారు. ఇక నాకు ముద్ద దిగలేదు. శైలజ చేత నిజం చెప్పించాను. ఆవిడ నవ్వి ఏదో అంది.

"ఏమంటున్నారే అమ్మాయ్?"

"మా కంపెనీ రొయ్యల గురించి నేను చెప్పిందీ ఇలాంటి పాఠమేనా అంటున్నారండి."

ఎంత మాట! ఎవరింట్లో ఏముందో తెలుసుకోకుండా పాఠాలు రాసేవాళ్లని ఏమనాలి? సాయంత్రమే రావులపాలెం వెళ్లి, చెల్లెలింట్లోంచి ఓ పిల్లికూనని తెచ్చాను. మర్నాడు ఐలా గారిని పిలిచి సోఫా కింద చూపించాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, సరుకు తీసుకుంటానని మాట ఇచ్చింది.

ఇప్పుడా పిల్లి నా పడక్కుర్చీలో పడుకుంటోంది, నేను సోఫాలో. మా ఆవిడ రోజూ కాఫీ ఇస్తూ అడుగుతోంది:

"ఒకటే మాట మనిషి గారూ, బాల్కనీ ఎప్పుడండీ?"