రేడియోకు దప్పిక

యావన్మంది ప్రొద్దుటూరు పుర ప్రజలకు తెలియజేయడమేమనగా: నేటి దినం నా అంగడిలోని మైకు సెట్టు పెళ్లికి గానీ, సీమంతానికి గానీ, కొత్త సినిమా చాటింపుకు గానీ బాడుగకు ఇవ్వబడదు. జట్కా గుర్రానికి సైతం సెలవు. ఎవరికైనా అభ్యంతరం ఉన్నచో గుర్రంతోనే మాట్లాడుకోవలెను. కారణమేమనగా, ఈ ఊరికి వైర్‌లెస్ చదువు తెచ్చిన ఇంజనీరు సారు మొన్న పులివెందులలో కాలం చేసినారు.

ఇట్లా తప్ప మొదలుపెట్టడం నాకు చేతకాదు. ఎనిమిదో తరగతి దాటనివాణ్ని, జట్కా ఎక్కి మైకులో అరిచి బతికేవాణ్ని. కబురు తెచ్చింది మా అక్క కొడుకు. వాడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు.

“మామా, సారు పోయినాడు. పులివెందుల నుంచి ట్రంకు కాలు వచ్చింది. ఎవరికి కలపమంటారని అడిగితే, ‘ఆయన దగ్గర చదివిన పిలకాయలు ఎవరుంటే వాళ్లకు చెప్పు’ అన్నారు. అందుకే నేనే ఇన్నా,” అన్నాడు.

సారుది పులివెందులలో పురోహితుల ఇల్లు. మద్రాసులో ఇంజనీరింగు చదివి, రేడియో, టెలిఫోను పనుల్లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో ఆ ఉద్యోగం వదిలి ప్రొద్దుటూరుకొచ్చి, ఒక పత్తి గోదాములో క్లాసు పెట్టినాడు. “ఊర్లో కరెంటు తీగే సరిగా లేదు, ఈయప్ప తీగ లేకుండా మాట తెప్పిస్తాడంట,” అని ముందు నవ్వినవాణ్ని నేనే. నవ్వి, వారం తిరక్కుండానే మూగబోయిన నా మైకు సెట్టు ఎత్తుకుని ఆయన దగ్గరికే పోయినాను.

సెట్టు పలక్కపోతే నేను దాని నెత్తిన రెండు మొత్తేవాణ్ని. సారు నా చెయ్యి పట్టుకున్నాడు. “కొట్టొద్దబ్బీ. అది మొండికెయ్యలేదు. మాట యాడిదాంకా వచ్చి నిలిచిపోయిందో ఎతుకు, ఆడ పట్టుకో.” ఆయన చదువంతా ఆ ముక్కలోనే ఉందని తర్వాత తెలిసింది. క్లాసులో ఇంకొక నియమం ఉండేది. కరెంటున్న సెట్టులో చెయ్యి పెట్టేటప్పుడు రెండో చెయ్యి జేబులో ఉండాల. రెండు చేతులూ పెడితే షాకు గుండె మీదుగా పోతుందని. “జేబు లేనోళ్లు ఈపు ఎనక పెట్టుకోండి,” అనేవాడు. సారు క్లాసు పిల్లలు బజారులో వంకాయలు ఏరేటప్పుడు కూడా ఒక చెయ్యి జేబులోనే పెట్టుకునేవాళ్లు. “వంకాయ షాకు కొడుతుందా రా?” అని నేను ఏడిపించేవాణ్ని.

ఆ రోజుల్లో పంచాయతీలకు బ్యాటరీతో నడిచే రేడియోలు ఇచ్చినారు. జమ్మలమడుగు వైపు పల్లెల్లో వాటిని బిగించే పని సారు తన క్లాసుకు తెచ్చుకున్నాడు. కర్నూలు నుంచి ఒక అధికారి వచ్చి చూస్తాడు. రేడియోలు బాగా పలికితే గోదాములో క్లాసు శాశ్వతమవుతుంది. పలక్కపోతే సామానంతా వేరే ఊరికి పోతుంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. మా అక్క కొడుకు ఆ క్లాసులోనే ఉన్నాడు.

దూరపు స్టేషను బాగా వినబడాలంటే రేడియో నుంచి ఒక తీగ భూమిలోకి దించాల. ఆ గుంత తడిగా ఉండాల. మన సీమలో, అదీ కరువులో, తడి యాడిది? పెన్నలో ఇసుక తవ్వి చెలమనీళ్లు ముంచుకునే కాలం. సారు దానికి ఉపాయం చేసినాడు. మంచినీళ్లు ఒక్క చుక్క కూడా అడగలేదు. రచ్చబండ దగ్గర చేతులు కడిగే నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు ఆ గుంతలో పొయ్యమన్నాడు. ఆయన పల్లెకు పోతే అక్కడే వంగి మొహం కడుక్కునేవాడు. జనం సరే అన్నారు.

ఒక సంతరోజు జమ్మలమడుగులో సినిమా చాటింపుకు పోయినాను. జనం నవ్వడం లేదు. ఎండకు గుర్రం కూడా నా మాట వినడం లేదు. అప్పుడు నా నోరు దురద పెట్టింది. “యావన్మంది గ్రామస్తులకు తెలియజేయడమేమనగా, రేడియోలకు దప్పికైంది! ఇంజనీరు గారి ఉత్తరువు! ఊరికి దినం ఒక బిందె మంచినీళ్లు, చెలమలోవి, గుంతలో పొయ్యవలెను! పొయ్యని ఊరికి పాటలు రావు!” సంతలో నవ్వినవాళ్లు నవ్వినారు. నవ్వనివాళ్లు ఊర్లకు పోయినారు.

అధికారి వచ్చిన సాయంత్రం వేడుక చూద్దామని నేనూ ఆయన చూసే పల్లెకు పోయినాను. సారు రేడియో తిప్పినాడు. పెనం మీద చింతగింజలు వేయించినట్టు చిటపట తప్ప మాట లేదు. ఆయన దీపం పట్టుకుని గోడ వెనక్కి పోయి చూసినాడు. గుంత లేదు. మట్టేసి తొక్కినారు.

“భూమి తీగ చూసుకోవాల్సింది నేను. తప్పు నాది,” అన్నాడు అధికారితో.

ఊరి పెద్ద ఊరుకోలేదు. “ఆయప్ప తప్పేముంది సామీ. మేమే పూడ్చినాం. పసిబిడ్డలకు లేని మంచినీళ్లు దీనికి బిందెలు బిందెలు యాడ తెచ్చేది? ఇంజనీరు ఉత్తరువని జట్కా మైకోడు సంతలో చెప్పలే?”

సారు ఎవరి కోసమూ తిరిగి చూడలేదు. నేను ఆయన వెనకే, నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను.

ఆ నెలలోనే గోదాము ఖాళీ అయింది. మా అక్క కొడుకు బండల గనికి కూలికి పోయినాడు. అక్క నాతో ఒక్కటే మాట అంది. “ఆ మట్టి నీ నోట్లో పోసింటే ఒక గుంతతో పోయేది కదరా.” వాడు ఆపరేటరు అయినాడంటే, సారు ఆదివారాలు తన అరుగు మీద కూర్చోబెట్టి ఊరికే నేర్పినందుకు. ఆంధ్రప్రదేశ్ వచ్చినాక ప్రభుత్వం మళ్లీ క్లాసు తెరిచి ఆయన్నే పిలిచింది. మద్రాసు, బెంగుళూరు టెలిఫోన్ కచేరీలలో ఇప్పుడు ఆయన పిల్లలు ఉన్నారు. కానీ నడుమ పోయిన ఏండ్ల పిల్లలు పోయినట్టే. వాళ్లలో కొందరు ఇంకా బండలు మోస్తున్నారు. బజారులో నన్ను చూస్తే పలకరిస్తారు, అదే నాకు కష్టం.

రేడియో పలకని మరుసటి రోజు సారు నా అంగడికి వచ్చినాడు. నన్ను చూసి పకపకా నవ్వి, “నీ గొంతు నా ఏరియలు గడ కంటే ఎత్తులో ఉందబ్బీ,” అన్నాడు. ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. ప్రొద్దుటూరంతా చెప్పుకుంది. పులివెందులలో మొన్న, ఆయన్ను మోసుకుపోతూ కూడా ఆయన పిల్లలు ఆ మాటే చెప్పుకుని ఏడ్చినారు. “ఎంత పెద్ద మనసో చూడండి, ఆ తుంటరోణ్ని కూడా నవ్వి వదిలేసినాడు,” అని. నేను తల వంచుకుని వాళ్ల పక్కనే నడిచినాను.

ఆయన నవ్వలేదు. ఆ మాట అనలేదు. నేను కల్పించినాను. అక్క అన్న మాట ఊర్లో పాకుతుంటే, దానికంటే వేగంగా పాకేది ఒకటి కావాల్సి వచ్చి.

జరిగింది ఇది. నా మైకులో తీగ వదులైంది, బాగుచేస్తానని ముందువారం మాట ఇచ్చినాడు. ఆ మాట కోసం వచ్చినాడు. కూర్చున్నాడు, అతికినాడు, సెట్టు వేసినాడు. సరిగా ఉందో లేదో చూడాలంటే ఎవరో ఒకరు అందులో మాట్లాడాల. ఆయన మాట్లాడలేదు. మైకు నా చేతికి ఇచ్చి, చెప్పులు తొడుక్కుని, వీధి దిగి పోయినాడు. మైకు నోటి దాకా ఎత్తినాను. అంగడి మీది పెద్ద బూర నడివీధికి నోరు తెరిచి, హుమ్మని ఒకటే మోత. పోయేవాళ్లంతా ఏం చెబుతానో అని ఆగి, తలెత్తి చూస్తున్నారు.